జీతం తక్కువ ఇస్తున్నారా? లెక్క కట్టడం నుంచి లేబర్ ఆఫీసు దాకా

ఐదేళ్లు నేను విజయవాడలో ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీలో జీతాల షీట్లు తయారు చేశాను. ఆసుపత్రులకు, షాపింగ్ మాల్స్‌కు, అపార్ట్‌మెంట్లకు సెక్యూరిటీ గార్డులను, హౌస్‌కీపింగ్ వాళ్లను పంపే ఏజెన్సీ అది. జీతం ఎక్కడ కోస్తారో, కోసినట్టు కనబడకుండా కాగితం ఎలా నింపుతారో ఆ కుర్చీలో కూర్చుని చూశాను. నా చేత్తోనే నింపాను కూడా. ఆ పని మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు సాయంత్రాలు కార్మికులకు దరఖాస్తులు రాసిపెడుతుంటాను.

వచ్చినవాళ్లు ముందు చెప్పేది బాధ. సూపర్‌వైజర్ నోరు, ఇవ్వని సెలవు, అందరి ముందు పడ్డ అవమానం. అంతా వింటాను. విన్నాక రెండే అడుగుతాను: రోజుకు ఎన్ని గంటలు చేస్తున్నారు, నెలకు చేతికి ఎంత వస్తోంది? ఈ రెండు అంకెలు కాగితం మీద పడితేనే మిగతా దారి తెరుచుకుంటుంది. బాధకు ఎవరైనా సర్దిచెప్పి పంపేస్తారు. లెక్కకు మాత్రం జవాబు చెప్పాల్సిందే.

ఇక్కడ రాసేది ముఖ్యంగా చట్టం చెప్పిన కనీస వేతనం కూడా అందని వాళ్ల కోసం: గార్డులు, ఊడ్చేవాళ్లు, బట్టల షాపుల్లో నిలబడే పిల్లలు, చిన్న ఆసుపత్రుల్లో నర్సులు, గోదాముల్లో ప్యాకింగ్ వాళ్లు. కనీస వేతనానికి బాగా పైన ఉండి, పక్క సీటువాడికంటే తక్కువ వస్తోందన్నది మీ బాధైతే, ఆడ మగ తేడా చూపిస్తున్న సందర్భం తప్ప చట్టం మీకు పెద్దగా అక్కరకు రాదు. అక్కడ పనికొచ్చేవి మీ చేతిలో ఉన్న మరో ఆఫరు, మీ బేరం.

ముందు తేల్చుకోవాల్సింది: మీ యజమాని ఎవరు?

వినడానికి వింత ప్రశ్నే, కానీ నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందికి జవాబు తెలియదు. "ఫలానా ఆసుపత్రిలో చేస్తున్నాను" అంటారు. జీతం వేసేది ఆసుపత్రి కాదు, ఏజెన్సీ. ఒక్కోసారి ఆ ఏజెన్సీ కింద ఇంకో సబ్ కాంట్రాక్టరు. ఫిర్యాదులో పేరు తప్పు పడితే నెలలు పోతాయి.

మూడు చోట్ల చూడండి. మెడలో వేసుకునే ఐడీ కార్డు మీద ఎవరి పేరుంది? బ్యాంకు పాస్‌బుక్‌లో జీతం పడిన వరుసలో పంపినవాళ్ల పేరేంటి? పీఎఫ్ ఉంటే ఆ పాస్‌బుక్ పైన ఏ సంస్థ పేరుంది? మూడు చోట్లా మూడు పేర్లుంటే మూడూ రాసుకోండి. ఫిర్యాదులో ఏజెన్సీతో పాటు మీరు పనిచేసే ఆసుపత్రినో మాల్‌నో కూడా ప్రతివాదిగా పెట్టాలి. చట్టం భాషలో వాళ్లు ప్రధాన యజమాని. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లమీద పడుతుంది. ఏజెన్సీ రాత్రికి రాత్రి బోర్డు తిప్పేయగలదు, ఆసుపత్రి ఎక్కడికీ పోదు.

ఇంకో చిన్న తేడా ఉంది. రైల్వే, బ్యాంకులు, ఓడరేవులు, సింగరేణి లాంటి గనుల్లో కాంట్రాక్టు పని చేస్తుంటే మీ విషయం రాష్ట్ర కార్మిక శాఖ చూడదు. అది కేంద్ర చీఫ్ లేబర్ కమిషనర్ విభాగం పరిధి. మిగతా చాలా పనులకు రాష్ట్ర లేబర్ ఆఫీసే.

మొదటి పని: ఈ రోజు నుంచే నోట్‌బుక్

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఊడ్చే పని చేసే అక్క ఒకరు నా దగ్గరకు తెచ్చిన పుస్తకం ఇప్పటికీ కళ్లముందుంది. కూతురు ఐదో తరగతిలో వాడి వదిలేసిన రూళ్ల పుస్తకం. ముందు పేజీల్లో ఎక్కాలు, వెనక పేజీల్లో అమ్మ డ్యూటీ. "3వ తేదీ ఉ 6 – సా 6." "4వ తేదీ ఉ 6 – రా 10, రిలీవర్ రాలేదు." "9వ తేదీ ఆదివారం, డ్యూటీ చేశాను." ఒకచోట "బంద్, బస్సుల్లేవు, నడిచి వచ్చాను" అని ఉంది. పద్నాలుగు నెలలు, ఒక్క రోజు తప్పకుండా. రాసిన పెన్ను మారుతూ వచ్చింది, అక్షరం కొన్ని రోజులు అలసటతో వంకర పోయింది.

లేబర్ ఆఫీసులో ఇరుపక్షాలను కూర్చోబెట్టిన రోజు ఏజెన్సీ మనిషి కొత్తగా బైండు చేయించిన మస్టర్ (హాజరు పుస్తకం) తెచ్చాడు. అన్ని నెలల సంతకాలూ ఒకే ఇంకు, ఒకే వాలు. ఆదివారాలన్నీ వీక్లీ ఆఫ్ అని నింపి ఉన్నాయి. అధికారి ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని, బంద్ జరిగిన తేదీకి ఆసుపత్రి గేటు రిజిస్టరు తెప్పించమన్నారు. అది ఆదివారమే. మస్టర్‌లో ఆఫ్, గేటు రిజిస్టరులో ఆమె సంతకం. వారం తిరిగేలోపు ఏజెన్సీ రాజీకి వచ్చింది.

కాబట్టి ఏరోజుది ఆరోజు రాయండి. వచ్చిన టైము, వెళ్లిన టైము, ఏ సైట్, ఎవరు పంపారు. ఒకేసారి కూర్చుని ఏడాదంతా రాస్తే చూడగానే తెలిసిపోతుంది. చదువు రాకపోతే పిల్లల చేత రాయించండి. వీటితో పాటు ఇవీ దాచండి: డ్యూటీ వేస్తూ సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజీలు (స్క్రీన్‌షాట్ తీసినా అసలు మెసేజీ చెరపొద్దు), బయోమెట్రిక్ దగ్గర తీసిన ఫోటో, బస్ టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, జీతం స్లిప్ ఇస్తే అది. ఫోన్ పోయినా పోకుండా మరో నంబరుకు పంపి పెట్టుకోండి.

ఒకటి గట్టిగా చెబుతాను. ఖాళీ వోచర్ మీద, ఖాళీ తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే, ఎప్పుడు, ఎవరు, ఎన్ని కాగితాల మీద పెట్టించుకున్నారో నోట్‌బుక్‌లో రాయండి. హక్కుగా రావాల్సిన కూలి వదులుకుంటున్నానని మీ చేత రాయించుకున్నా ఆ ఒప్పందం చెల్లదు. ఈ మాట చట్టంలోనే ఉంది.

రెండో పని: మీ పనికి కనీస వేతనం ఎంతో కనుక్కోవడం

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. కూలికి సంబంధించింది 2019 నాటి వేతనాల కోడ్. 1948 కనీస వేతనాల చట్టం, 1936 వేతన చెల్లింపుల చట్టం, బోనస్ చట్టం, సమాన వేతన చట్టం ఈ నాలుగూ అందులో కలిసిపోయాయి. ఆఫీసుల్లో ఇంకా పాత పేర్లే వినబడతాయి, కంగారు పడకండి.

కనీస వేతనానికి రెండు ముక్కలుంటాయి: మూల వేతనం, దాని మీద కరువు భత్యం. ధరల సూచీని బట్టి ఈ భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. అందుకే రెండేళ్ల క్రితం ఎవరో ఫార్వర్డ్ చేసిన పట్టిక చూసి లెక్క కట్టొద్దు. ఆంధ్రప్రదేశ్ అయినా తెలంగాణ అయినా మీ రాష్ట్ర కార్మిక శాఖ వెబ్‌సైట్లో ఆ ఆరు నెలల పట్టిక తీసుకోండి. పని రకాన్ని బట్టి, నైపుణ్యాన్ని బట్టి, ఊరు ఏ జోన్‌లో ఉందో బట్టి అంకె మారుతుంది. సెక్యూరిటీకి ఒకటి, ఆసుపత్రులకు ఒకటి, షాపులకు ఒకటి. మీకు ఏ వరుస వర్తిస్తుందో తేలకపోతే అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరకు వెళ్లి అడగండి. ఫిర్యాదు ఇవ్వకుండా కూడా అడగవచ్చు.

"నువ్వు ఒప్పుకునే కదా చేరావు" అని మేనేజర్ అంటాడు. ఆ మాట విని వెనక్కి వచ్చేసినవాళ్లు ఎందరో. దీనికి జవాబు నలభై ఏళ్ల క్రితమే వచ్చింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో పనిచేసిన కూలీల కేసులో 1982లో, రాజస్థాన్‌లో కరువు పనులు చేసిన వాళ్ల కేసులో 1983లో సుప్రీంకోర్టు ఒకటే చెప్పింది: కనీస వేతనానికి తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. ఆకలితో ఒప్పుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు.

మూడో పని: లెక్క

మీకు వర్తించే అంకె మీరే వేసుకోవాలి. ఇక్కడ లెక్క తేలిగ్గా ఉండటానికి నెలకు 13,000 రూపాయలు అనుకుందాం.

నెలకు 26 పనిరోజులు. 13,000ను 26తో భాగిస్తే రోజుకు 500. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 62.50. మామూలు పనిగంటలు దాటాక చేసే ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి, అంటే 125.

ఇప్పుడు పన్నెండు గంటల డ్యూటీ చూడండి. రోజుకు నాలుగు గంటలు ఓటీ, అంటే అదనపు పని. నాలుగు నూట ఇరవై ఐదులు 500. అంటే ఆ నాలుగు గంటలకు వచ్చే డబ్బు, మొదటి ఎనిమిది గంటలకు వచ్చే డబ్బుతో సమానం. నెలకు 26,000 రావాలి. వీక్లీ ఆఫ్ రోజున పిలిచి ఉంటే అది మళ్లీ వేరు.

ఈ లెక్క చెప్పినప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూడాలి. "పన్నెండు గంటలంటే గార్డు డ్యూటీ కదండీ, అందరిదీ అంతే కదా" అంటారు. అందరిదీ అంతే, అందరికీ బాకీ ఉన్నారు.

తెలంగాణలో 2025 జూలైలో వాణిజ్య సంస్థలు రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని సడలింపు ఇచ్చారు. ఆంధ్రలోనూ అదే ఏడాది ఆ దిశగా మార్పులు వచ్చాయి. "ఇప్పుడు పది గంటలు లీగలే" అని దాన్ని చూపిస్తారు. వారానికి 48 గంటల గీత మాత్రం అలాగే ఉంది. రోజుకు పన్నెండు చొప్పున ఆరు రోజులంటే 72 గంటలు. దాటిన ఆ 24 గంటలకూ రెట్టింపు ఇవ్వాల్సిందే.

ఇక మా ఏజెన్సీలో ఏం చేసేవాళ్లమో చెబుతాను, మీ స్లిప్‌లో అది పట్టుకోవడానికి. మనిషి 26 రోజులు చేస్తాడు. మస్టర్‌లో 20 రోజులే చూపిస్తాం. 500 చొప్పున 20 రోజులకు 10,000. రోజు కూలి సరిగ్గా కనీస వేతనమే, తనిఖీకి వచ్చినవాళ్లకు తప్పు కనబడదు. అందుకే స్లిప్‌లో మొత్తం ఎంత అని చూసి ఊరుకోకండి, "పని రోజులు" అన్న గడి చూడండి. ఇంకో పద్ధతి, జీతం మొత్తం బ్యాంకులో వేసి, మర్నాడు సూపర్‌వైజర్ వచ్చి రెండువేలో మూడువేలో నగదుగా వెనక్కి వసూలు చేయడం. మీకు ఇలా జరుగుతుంటే జీతం పడిన రోజు, మీరు ఏటీఎంలో తీసిన రోజు, ఇచ్చిన మొత్తం, ఎవరి చేతికి ఇచ్చారో రాయండి. వీలైతే ఫోన్ పే, గూగుల్ పేలో ఇస్తానని అనండి. ఒక్కసారి అలా వెళ్లినా ఆ వరుస మీకు సాక్ష్యం.

పీఎఫ్, ఈఎస్ఐ

ఇరవై మంది, అంతకు పైన ఉన్న సంస్థకు పీఎఫ్ వర్తిస్తుంది. మీ వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) పదిమంది ఉన్నా వస్తుంది, నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకు. మీ నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. పై ఉదాహరణలో 13,000 మీద పీఎఫ్ 1,560, ఈఎస్ఐ 98. ఓటీ పక్కన పెడితే చేతికి 11,342 రావాలి. 15,000 లోపు జీతానికి మన రెండు రాష్ట్రాల్లోనూ వృత్తి పన్ను లేదు. ఆ పేరుతో కోస్తే అడగండి.

యజమాని వాటాను కూడా మీ కూలిలోంచే కోసేస్తారు కొందరు. 24 శాతం పోయిందంటే అదే. కోయడం వరకు కోసి కట్టనివాళ్లూ ఉన్నారు. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరవండి, లేదా యూఏఎన్‌కు (మీ పీఎఫ్ నంబరుకు) కలిపిన మీ ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి. పాస్‌బుక్‌లో ప్రతి నెల పక్కన ఎంత జీతం మీద పీఎఫ్ కట్టారో ఉంటుంది. స్లిప్‌లో ఉన్న జీతం ఒకటి, అక్కడ ఉన్నది ఇంకొకటి అయితే ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి. పీఎఫ్ ఫిర్యాదు లేబర్ ఆఫీసుకు కాదు, పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ వాళ్ల గ్రీవెన్స్ (ఫిర్యాదుల) పోర్టల్‌లో విడిగా పెట్టాలి.

ఈఎస్ఐని చాలామంది కోతగానే చూస్తారు. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లినప్పుడు దాని విలువ తెలుస్తుంది. కార్డు నంబరు మీ దగ్గరుందో లేదో ఇవాళే చూసుకోండి, జబ్బు చేశాక కాదు.

మిగతా కోతల మాట క్లుప్తంగా. జరిమానా పేరుతో కోసేది ఆ నెల కూలిలో 3 శాతం దాటకూడదు. అన్ని కోతలూ కలిపి సగం దాటకూడదు. రెండు లేట్లకు ఒక రోజు జీతం లాంటివి ఏ చట్టంలోనూ లేవు. రాని సమయానికి కోయవచ్చు, అంతకు మించి కోయడానికి లేదు. నెలజీతం మరుసటి నెల 7వ తేదీ లోపు పడాలి. పని మానేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. "ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజుల తర్వాత" అనే మాట కోడ్ వచ్చాక నిలవదు.

రాసి అడగండి

నోటితో అడిగితే నోటితోనే పోతుంది. వాట్సాప్ అయినా ఈమెయిల్ అయినా సరే, రాయండి. మర్యాదగా, పొట్టిగా, లెక్క వరకే. నేను రాసిపెట్టేది సుమారుగా ఇలా ఉంటుంది:

"మేనేజర్ గారికి నమస్కారం. నేను ఫలానా తేదీ నుంచి ఫలానా సైట్‌లో హౌస్‌కీపింగ్ పని చేస్తున్నాను. డ్యూటీ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు. జనవరి నెలకు నా ఖాతాలో రూ. 10,000 పడింది. జీతం స్లిప్ ఇవ్వలేదు. దయచేసి జనవరి స్లిప్, నా పని రోజుల లెక్క, ఓటీ లెక్క, పీఎఫ్ కట్టిన వివరం ఇప్పించగలరు. ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం ప్రకారం నాకు రావాల్సిన తేడా కూడా చెల్లించగలరు."

ఇందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు, "లేబర్ ఆఫీసుకు వెళ్తా" అన్న మాట కూడా లేదు. వెళ్లేవాళ్లు ముందే చెప్పనక్కర్లేదు. పది రోజులు చూడండి. కొన్నిచోట్ల ఈ ఒక్క కాగితానికే కదలిక వస్తుంది, అడిగినవాడికి లెక్క తెలుసని అవతలివాళ్లకు అర్థమవుతుంది కాబట్టి.

ప్రభుత్వ ఆసుపత్రిలోనో కాలేజీలోనో అవుట్‌సోర్సింగ్‌లో ఉంటే మీ చేతిలో ఇంకో ఆయుధం ఉంది. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి, మీ ఏజెన్సీతో ఉన్న ఒప్పందం ప్రతి, ఒక్కో మనిషికి ప్రభుత్వం ఎంత చెల్లిస్తోందో ఆ బిల్లుల ప్రతి అడగండి. ప్రభుత్వం ఇచ్చేదెంత, మీకు అందేదెంత అన్నది ఒకే కాగితం మీద కనబడుతుంది.

ఒంటరిగా వెళ్లకండి

ఒక్కరు వెళ్తే తీసేయడం తేలిక. ముగ్గురు వెళ్తే సైట్ ఆగిపోతుందని భయం. అందరూ కలిసిరారు, అది అనుభవం. ఇల్లు, పిల్లలు, అప్పు, భయపడటం తప్పు కాదు. రానివాళ్లను తిట్టొద్దు, రేపు సాక్ష్యానికి వాళ్లే కావాలి. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, బీఎంఎస్ లాంటి సంఘాలకు చాలా జిల్లా కేంద్రాల్లో ఆఫీసులున్నాయి. రాజకీయం మీకు నచ్చనక్కర్లేదు, మీ పనివాళ్ల కేసులు ఎవరు నడిపారో అడిగి వెళ్లండి. మీరు సభ్యులుగా ఉన్న రిజిస్టరైన యూనియన్ మీ తరఫున క్లెయిమ్ వేయవచ్చు. దరఖాస్తు మీద మీ పేరుకంటే యూనియన్ పేరు ముందుండటం చాలామందికి ధైర్యం.

లాయరు కావాలంటే, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవా సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఫోన్ 15100. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది.

లేబర్ ఆఫీసులో

ముందు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు ఫిర్యాదు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. మీ పేరు, చిరునామా, చేరిన తేదీ, చేసే పని, డ్యూటీ వేళలు, ఏజెన్సీ పేరు చిరునామా, ప్రధాన యజమాని పేరు చిరునామా, నెలవారీ పట్టిక: రావాల్సింది, ఇచ్చింది, తేడా. కింద మొత్తం. జత చేసిన కాగితాల జాబితా. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోకుండా కదలొద్దు. వేయనంటే ఆ రోజే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

అధికారి నోటీసు ఇచ్చి ఇరుపక్షాలను పిలుస్తారు. మొదటి వాయిదాకు అవతలివాళ్లు రాకపోవడం మామూలే. మీరు మాత్రం వెళ్లండి, హాజరు వేయించుకోండి. ఆ రోజు జీతం పోతుంది, నిజమే. కానీ మీరు రెండు వాయిదాలు తప్పితే వాళ్లకు కావాల్సింది అదే.

అక్కడ తేలకపోతే వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిమ్. దాన్ని విచారించే అధికారి సాధారణంగా అసిస్టెంట్ లేదా డిప్యూటీ కమిషనర్ స్థాయిలో ఉంటారు. ఈ సెక్షన్లో మీకు అనుకూలంగా ఉన్నవి గుర్తుపెట్టుకోండి. పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలల గడువుండేది, ఇప్పుడు మూడేళ్లు. రావాల్సిన తేడాతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఉంది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువ పట్టవచ్చని మనసులో పెట్టుకునే దిగండి. అన్నిటికంటే ముఖ్యమైనది 59వ సెక్షన్: జీతం పూర్తిగా ఇచ్చానని రుజువు చేసే భారం యజమానిదే. "ఇవ్వలేదని నువ్వు నిరూపించు" అని ఎవరైనా అంటే ఈ సెక్షన్ నంబరు చెప్పండి.

రాజీ మాట వస్తే తొందరపడొద్దు. తేడా రెండు లక్షలు వస్తుంటే ఇరవై వేలు చేతిలో పెట్టి "సంతకం చెయ్యి, మళ్లీ డ్యూటీకి రా" అంటారు. ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర జరిగే రాజీలు ఇవే. ఒప్పుకోవాలనిపిస్తే ఒప్పుకోండి, మీ అవసరం మీకు తెలుసు. అధికారి ముందే, కాగితం మీదే, డబ్బు బ్యాంకులోనే. ఎన్ని నెలల తేడాకు ఎంత అన్నది అందులో రాయించండి.

గేటు దగ్గర ఆపేస్తే

ఫిర్యాదు అందిన వారంలో వచ్చేది ఇదే. "నీ పేరు లిస్టులో లేదు." లేదా గాజువాకలో చేసేవాడిని భీమిలికి మార్చడం. లేదా "రాజీనామా రాసిస్తే సెటిల్ చేస్తాం."

రాజీనామా రాయకండి. కోపంలో డ్యూటీకి మానేయకండి, దాన్ని "తనంతట తానే వెళ్లిపోయాడు" అని రాసుకుంటారు. గేటు దగ్గర ఆపిన రోజే, అక్కడే నిలబడి మేనేజర్‌కు మెసేజీ పెట్టండి: "ఈ రోజు ఉదయం 6 గంటలకు డ్యూటీకి వచ్చాను, ఫలానా వారు లోపలికి రానివ్వలేదు, నేను పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను." మరుసటి రోజు మళ్లీ వెళ్లండి, మళ్లీ పెట్టండి. మూడో రోజు అదే మాట స్పీడ్ పోస్టులో, ఒక ప్రతి లేబర్ ఆఫీసుకు.

షాపులు, సంస్థల్లో ఆరు నెలలకు పైగా వరుసగా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదని 1988 నాటి మన షాపుల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. ఏడాది దాటితే ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం కూడా. తీసేసిన వివాదాన్ని రాజీ అధికారి ముందుకు రెండేళ్లలోపు తీసుకెళ్లాలి. అంతదాకా ఆగొద్దు, నెలలోపు వెళ్లండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే ప్రైవేటు ఆసుపత్రులు, స్కూళ్లు ఉన్నాయి. మీ సర్టిఫికెట్లను మీ జీతానికి తాకట్టుగా పెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. ఇచ్చినప్పుడు రసీదు తీసుకోకపోతే, "నా ఒరిజినల్స్ ఎప్పుడు తిరిగి ఇస్తారు మేడమ్" అని ఒక మెసేజీ పెట్టండి. "బాండ్ పీరియడ్ అయ్యాక" అని జవాబొస్తే, అవి వాళ్ల దగ్గరున్నట్టు వాళ్లే రాసిచ్చినట్టు.

తిట్లు, వేధింపులు

లైంగిక వేధింపు అయితే దారి వేరు. పదిమంది ఉన్న ప్రతిచోటా 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయినా, వేధించింది యజమానే అయినా జిల్లాలో స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. మూడు నెలల లోపు, రాతలో. కాంట్రాక్టు మనిషికి కూడా ఈ హక్కు ఉంది, "నువ్వు మా స్టాఫ్ కాదు" అనడానికి వీల్లేదు. కులం పేరుతో తిడితే అది లేబర్ ఆఫీసు విషయం కాదు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసు ఫిర్యాదు. రెండింటికీ నోట్‌బుక్ పనికొస్తుంది: అన్న మాట అన్నట్టే, తేదీతో, పక్కన ఎవరున్నారో రాయండి.

ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ ఇస్తుంటే అది విడిగా నేరం. బట్టల షాపుల్లో ఇది ఎంత మామూలైపోయిందంటే, అడిగేవాళ్లే లేరు. ఇద్దరి స్లిప్‌లు పక్కపక్కన పెడితే చాలు. అదే ఫిర్యాదులో ఆ మాట కూడా కలపండి.

ఆర్డరు వచ్చాక

ఆర్డరు మీ చేతికి వచ్చిన రోజే డబ్బు రాదు. యజమాని కట్టకపోతే, భూమి శిస్తు బకాయిని వసూలు చేసినట్టు వసూలు చేయమని అధికారి కలెక్టరుకు రికవరీ సర్టిఫికెట్ పంపిస్తారు. అడగందే ఆ కాగితం కదలడం తక్కువ. ఆర్డరులో ఇచ్చిన గడువు ముగిసిన మర్నాడే "సొమ్ము అందలేదు, రికవరీ సర్టిఫికెట్ పంపగలరు" అని ఒక దరఖాస్తు ఇవ్వండి. పంపాక దాని నంబరు, తేదీ తీసుకుని కలెక్టరేట్‌లో ఆ ఫైలు ఏ సెక్షన్‌లో ఉందో కనుక్కోండి. ఏ తహసీల్దారుకు వెళ్లిందో రాసుకుని, పదిహేను రోజులకొకసారి వెళ్లి అడగండి. సొమ్ము ఖాతాలో పడిన రోజు ఆ వరుస ఫోటో తీసి, ఆర్డరు ప్రతితో కలిపి ఒకే కవరులో పెట్టండి. మీతోపాటు అదే సైట్‌లో పనిచేసినవాళ్లు రేపు దరఖాస్తు రాసుకోవడానికి వస్తే, ముందు చూపించాల్సింది ఆ కవరే.